చాప కింద గీత

“రోబోలదేముందే, రేపైనా తిరుగుతాయి. ఊరి పెద్దలు రేపు మళ్ళీ వచ్చి భోంచేస్తారా?”

అత్తగారు మతలేనా ఆ మాట అనేసి, విసనకర్ర ఊపుకుంటూ చర్చి హాలు వైపు వెళ్ళిపోయింది. వంటపాకలో తెలేసియా ఎడమ అరచేతిలో లేత చేమాకులు దొన్నెలా పరుచుకుంది. ఉల్లిపాయ ముక్కలు కలిపిన చిక్కటి కొబ్బరిపాలు అందులో పోసి, చుక్క కారకుండా అంచులు మూసి, పైన సీమపనస ఆకు చుట్టి బుట్టలో పెట్టింది. పలుసామి చుట్టడానికి చేతులుంటే చాలు, మనసు అక్కర్లేదు. ఆమె మనసు ఆ హాల్లో ఉంది. క్రిస్మస్ వెళ్ళిన మర్నాటి నుంచీ అక్కడే ఉంది. ఈ దీవుల్లో వానాకాలం క్రిస్మస్‌తోనే వస్తుంది. ఆ సెలవుల్లో ఫలెతాయి ఊరి పిల్లల్ని పోగేసి, వాళ్ళ చేతులకు మోటార్లూ వైర్లూ ఇచ్చి, యంత్రానికి ఏ పని ఏ వరసలో చెయ్యాలో చెప్పడం నేర్పింది. హాలు సిమెంటు నేల మీద మోకాళ్ళ మీద పాకుతూ, పిల్లలతో కలిసి నల్ల టేపుతో దారి గీసింది. ఆ దారి పట్టుకునే యంత్రాలు నడుస్తాయి. ఇవాళ ఆఖరి రోజు. పెద్దల ముందు పిల్లలు తమ యంత్రాలు నడిపి చూపిస్తారు. ఆ సమయానికి నేర్పిన మనిషి ఎక్కడుండాలంటే, వంటపాకలో చేమాకులు చుడుతూ ఉండాలి.

రాజధాని అపియా నుంచి ఒకావిడ వస్తోంది. పెట్టెల నిండా సామాను పంపిన సంస్థ మనిషి. పోయిన వారం ఫోనులో ఆమె అన్న మాట తెలేసియా లోపల ఇప్పటికీ మోగుతూనే ఉంది. “వచ్చే సెలవులకు అన్ని జిల్లాల్లోనూ ఇలాంటి శిబిరాలు పెడదామనుకుంటున్నాం. వాటిని నడపడానికి ఒక మనిషి కావాలి. మీ ఊళ్ళో ఎవరు నడిపారో చూడ్డానికే వస్తున్నాను.” ఆ ఉద్యోగం తెలేసియాకు కావాలి. ‘ఇస్తే చేస్తాను’ అన్నట్టు కాదు, ఆకలేసినవాడికి అన్నం కావాల్సినట్టు కావాలి. అపియా కాలేజీలో ఫిజిక్సు చెప్పిన మనిషి ఆమె. మామగారు పోయి, ఆయన మతాయి బిరుదు, అంటే ఇంటి పెద్దరికం, భర్త సెఫోకు వచ్చాక, “ఊళ్ళో లేని మతాయిని ఎవరు లెక్కచేస్తారు? ఒక్క ఏడాది ఉండి వచ్చేద్దాం” అన్నాడతను. ఆ ఏడాది అయిపోయి చాలా కాలమైంది. ఆ సంగతి సెఫోకు గుర్తు లేదు. గుర్తు చేద్దామంటే ఈ మధ్య అతన్ని పేరు పెట్టి పిలవడానికి కూడా లేదు. బిరుదొచ్చిన రోజే అత్తగారు చెప్పేసింది, ఇక మీదట నలుగురిలో ‘నువ్వు’ అనకూడదట, ‘తమరు’ అనాలట. తమరు చొక్కా ఎక్కడ విప్పేశారు, తమరి కంచం ఇలా ఇవ్వండి. మురికి చొక్కాలకు మర్యాద పెరిగింది గానీ ఉతికే చేతులు అవే.

మొగుడి ఊళ్ళో కాపురముండే కోడలిని ఇక్కడ నొఫొతానె అంటారు. మొగుడి దగ్గర ఉంటున్నది అని, అంతే. మాటలో తప్పేం లేదు. మతలేనా నోట్లోంచి వచ్చేటప్పుడు మాత్రం దానికి అడుగున మసి అంటుకుని వస్తుంది. “నొఫొతానెవి, నీకు పెద్దల వరసలో ఏం పని?” “నొఫొతానెవి, ముందు అందర్నీ తిననీ.” సముద్రం దాటి సవాయీ దీవిలో తన పుట్టినూళ్ళో అయితే తెలేసియా ఆ ఊరి ఆడబిడ్డ. అక్కడ ఆమె కూర్చుంటే వదినలు లేచి నీళ్ళు తెస్తారు. పడవ ఎక్కి ఇవతలికి వచ్చేసరికి అదే మనిషి లేచి నీళ్ళు తెచ్చేదైపోయింది. విచిత్రం ఏమిటంటే, ఆమె కడుపున పుట్టిన లాంగీ ఈ ఊరి ఆడబిడ్డ. పదకొండేళ్ళ ఆ పిల్లకు ముందు వరసలో కూర్చునే హక్కు పుట్టుకతోనే వచ్చింది. ఆదివారం భోజనాలయ్యాక ఆ వరసకు చేతులు కడుక్కోవడానికి గిన్నె పట్టుకుని వచ్చేది ఆ పిల్ల తల్లి.

గిన్నె ఊరికే పట్టుకు రాకూడదు. కూర్చున్న మనుషుల ముందు నుంచి నడిచేటప్పుడు నడుం వంచాలి, తల దించాలి, ఒక్కొక్కరి దగ్గరా “తులో” అనాలి. దాటి పోతున్నాను, మన్నించండి అని. తెలేసియాకు ఆ మాట అంటే కోపం లేదు. చిన్నప్పుడు నానమ్మ నేర్పిన మొదటి మాటల్లో అదొకటి. “ఎంత పెద్ద మతాయి అయినా పసిపిల్ల ముందు నుంచి పోతే తులో అనాల్సిందే, తల్లీ. అది ఇచ్చి పుచ్చుకునే మర్యాద” అనేది ఆవిడ. ఈ ఇంట్లో పుచ్చుకోవడమే ఉంది. తను వంగి నేల తుడుస్తుంటే తల మీద నుంచి దాటుకుపోయినవాళ్ళెవరూ ఇంతవరకూ ఆమెతో తులో అనలేదు. రోజూ ఎన్నిసార్లు అంటుందో, నిద్రలో కూడా అంటుందేమో. ఒకరోజు ఒంటరిగా గదిలోకి వెళ్తూ, ఖాళీ కుర్చీని దాటుతూ తులో అనేసి, ఎవరైనా విన్నారేమోనని సిగ్గుపడి, ఆ తర్వాత సిగ్గు పోయి భయం పట్టుకుంది ఆమెకు.

ఇక ఆడపడుచు ఎలీసా సంగతి. పండక్కి ఆక్లండ్ నుంచి వచ్చింది. ఈ దేశంలో తమ్ముడికి అక్క అంటే దేవుడి తర్వాత దేవుడు. ఆమె మాటకు అడ్డు చెప్పిన మగాడు బాగుపడడని మతలేనా లాంటివాళ్ళ నమ్మకం. ఎలీసా శిబిరంలోకి వచ్చిందంతా కలిపితే రెండుసార్లు, రెండుసార్లూ ఫొటో తీయించుకుంది. నిన్న సాయంత్రం బట్టలు మడత పెడుతున్న తెలేసియా పక్కన కూర్చుని ఎంతో ప్రేమగా చెప్పింది.

“అపియా వాళ్ళ ముందు మాట్లాడ్డానికి ఒక పద్ధతుంటుంది, మరదలా. మైకు నాకొదిలెయ్. శిబిరం తరఫున నేను నిలబడతాలే. నువ్వసలే బాగా అలిసిపోయావు.”

“నేను అలిసిపోయింది ఆ పిల్లలతోనే కదా వదినా. వాళ్ళ పక్కన నన్ను ఉండనీ.”

“ఉంటే వంటెవరు చూస్తారు? అమ్మ చూస్తుందా?” అని నవ్వింది ఎలీసా. తప్పేం అడగలేదన్నట్టు, తప్పేదో తెలేసియానే అడిగినట్టు.

సెఫోను అడిగింది. అతను చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తేలిగ్గా ఉండేది. “అక్క మాట కాదనలేను, నీకు తెలియదా?” అన్నాడు బతిమాలుతున్నట్టు. “అయినా ఎవరు నిలబడితే ఏంటి? శిబిరం మన ఇంటిదే కదా.” చాకిరీ చేసినన్నాళ్ళూ ‘నీ శిబిరం, నీ రోబోలు, నీ గోల’ అన్నవాడికి నిన్న మొదటిసారి అది మన ఇంటిదైంది.

లాంగీ ఒక్కత్తే నిన్న హుషారుగా ఉంది. పిల్లలంతా గుంపులుగా విడిపోయి ఇంటికి పనికొచ్చే యంత్రాలు చేశారు. ఒక గుంపు చేమ మళ్ళ మీద పడే పందుల్ని తోలేది చేసింది, ఇంకో గుంపు వాననీళ్ళ తొట్టి నిండితే కూసేది చేసింది. లాంగీ గుంపు చేసింది గిన్నె మోసే బండి. నాలుగు చక్రాలు, పైన పళ్ళెం, ముందు రెండు కళ్ళలాంటివి. ఎదురుగా ఎవరైనా ఉంటే ఆగి, పళ్ళెం కాస్త వంచి, మళ్ళీ కదులుతుంది. “నువ్వే మోస్తావు కదమ్మా ఎప్పుడూ. అందుకని చేశాం” అంది ఆ పిల్ల. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “నీకోసం ఇంకోటి కూడా దాచాం, రేపు చూడు” అంది.

“అమ్మా! గీత పోయింది!”

తెలేసియా తలెత్తింది. లాంగీ వానలో తడుస్తూ పాకలోకి పరిగెత్తుకొచ్చింది. ఊపిరి అందడం లేదు.

“ఏ గీత?”

“మన నల్ల గీత. ఎలీసా అత్త హాలంతా చాపలు పరిపించేసింది. బండి ఇప్పుడెలా నడుస్తుందమ్మా?”

చేతిలో పలుసామి పొట్లం అలాగే వదిలేసి లేచింది. హాలుకు గోడలు లేవు, చుట్టూ స్తంభాలే. అరుగు కింద, వానలో నిలబడి చూసింది. ఈ చివర నుంచి ఆ చివరకు కొత్త తాటాకు రంగు చాపలు, ఒకదాని అంచు మీద ఇంకొకటి. పెద్దలు కూర్చునే చోట చాపలు వేయడం తెలిసిందే. కానీ వాళ్ళు కూర్చునేది స్తంభాలకు ఆనుకుని, అంచుల్లో. నడిమధ్య నేల ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. పైన చాప పడగానే కింద పిల్లలు వారమంతా వేసిన దారి మాయమైపోయింది.

“వదినా, నడిమి చాపలు మాత్రం తీసేద్దాం. అక్కడ ఎవరూ కూర్చోరు. యంత్రాలు ఆ గీత చూసుకునే నడుస్తాయి.”

“ఊరి పెద్దలొచ్చేసరికి బోడి సిమెంటు కనబడాలా? మా ఇంటికి చాపలు లేవనుకుంటారు. మా నాన్న పేరు నిలబెట్టే రోజు ఇది.” ఎలీసా గొంతు తగ్గించింది. “పిల్లలాటలకు గీతలేంటి తెలేసియా? నువ్వే అటూ ఇటూ తిప్పమని చెప్పు.”

తెలేసియా సెఫో వైపు చూసింది. అతను బిరుదున్న మనిషికి తగ్గట్టు, భుజం మీద పూలదండతో స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. చాపల్ని చూశాడు, అక్కను చూశాడు, భార్యను చూడలేదు. “కాసేపు సర్దుకో” అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో అన్నట్టు సముద్రం వైపు తిరిగి అన్నాడు.

సర్దుకోవడం ఆమెకు బాగా వచ్చు. పెట్టెలో మిగిలిన టేపు తెప్పించింది. అరుగు కింద నుంచే చేతులు ఊపుతూ చెబుతుంటే పిల్లలు గబగబా చాపల మీదే కొత్త గీత అతికించారు. ఆ మూల రెండు చాపలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట అంచు కాస్త లేచి ఉంది. అది ఆమె కంట్లో పడింది. బండి ముందున్న కళ్ళు దాన్ని చూసి ఎవరో కూర్చున్నారనుకుంటాయి. అక్కడే ఆగిపోతుంది.

“లాంగీ, ఆ అంచు లోపలికి నెట్టు. ఆ మూలది.”

లాంగీ అటు కదలబోయింది. అప్పటికే వ్యాను ఆగిన చప్పుడు. అపియా ఆవిడ అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి స్తంభాలకు ఆనుకుని కూర్చున్నారు, ఆ మూల చాప మీద కూడా. తల్లి వైపు చూసి లాంగీ ఏం చెయ్యనన్నట్టు రెండు చేతులూ చాచింది. కూర్చున్నవాళ్ళ కింద చాప ఎవరు లాగుతారు?

“కోకో పొంగుతోంది, కనబడ్డం లేదా?” వెనక నుంచి మతలేనా గొంతు. “ఆ తడిబట్టలతో అక్కడ నిలబడి ఏం చూస్తావు? మా పరువు తియ్యడానికా?”

తెలేసియా పాకలోకి వెళ్ళిపోయింది. ఆమె కాళ్ళు వెళ్ళాయి, ఆమె చెప్పకుండానే. కోకో నిజంగానే పొంగుతోంది. దించింది. ప్రార్థన వినబడింది, ఎలీసా మైకులో స్వాగతం వినబడింది. “ఈ శిబిరం మా కుటుంబం తరఫున, మా తమ్ముడి బిరుదు గౌరవార్థం...” అంటోంది. మోటారు అన్నచోట కంప్యూటరు అంది, కంప్యూటరు అన్నచోట ఏదో అంది. తెలేసియా కప్పులు వరసగా పేర్చింది. పందుల యంత్రం నడిచినట్టుంది, జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. తొట్టి యంత్రం కూసింది, మళ్ళీ చప్పట్లు. మా పిల్లలు అనుకుంది. తర్వాత లాంగీ సన్నటి గొంతు. “ఇది మా గిన్నె బండి.”

చక్రాల చప్పుడు. ఆ తర్వాత ఒక ఆడగొంతు వినబడింది.

“తులో.”

తెలేసియా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ గొంతు తనది. ఇక్కడ తను నోరు మూసుకుని నిలబడి ఉంది, అక్కడ హాల్లో తను మాట్లాడుతోంది. ఆదివారం తను గిన్నె పట్టుకుని తిరుగుతున్నప్పుడు లాంగీ పక్కనే కూర్చుని, చేతిలో ఏదో పెట్టుకుని నవ్వుకోవడం గుర్తొచ్చింది. తన గొంతు రికార్డు చేసి బండిలో పెట్టింది. దాచింది ఇదన్నమాట. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. “మన తెలేసియానే!” అన్నారెవరో. మెచ్చుకోలు నవ్వే అది మొదట. ఆమె పెదవుల మీదకు కూడా నవ్వు రాబోయింది.

“తులో.” కొంచెం ఆగి, “తులో.” మళ్ళీ, “తులో.”

చక్రాలు కదలడం లేదు. ఆ మూల. లేచి ఉన్న చాప అంచు దగ్గర. ముందెవరో ఉన్నారనుకుని ఆగుతోంది, వంగుతోంది, మన్నించమంటోంది. ఎవరూ మన్నించడం లేదు. అక్కడ ఎవరైనా ఉంటే కదా. తెలేసియా గొంతు ఒక చాపను బతిమాలుకుంటోంది. తులో, తులో, తులో. ఎంత మెత్తగా అంటోంది! తన గొంతు ఇంత చిన్నదని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. తప్పు చెయ్యకముందే ఒప్పుకుంటున్న గొంతు. అందులో కళ్ళు వాల్చుకోవడం వినబడుతోంది, నడుం వంగడం వినబడుతోంది. నవ్వు పెరిగింది. అందరికంటే గట్టిగా నవ్వుతున్నది మతలేనా.

“మా మరదలికి యంత్రంలో కూడా తీరిక లేదు పాపం!” అంది ఎలీసా మైకులో.

తెలేసియా పాక అంచుకు వచ్చింది. స్తంభాల మధ్య నుంచి అంతా కనబడుతోంది. సెఫో తల దించుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. అతనూ నవ్వుతున్నాడు. బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న లాంగీ మొహం ఎర్రబడిపోయింది. తల్లి కోసం చేసిన కానుకను చూసి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక ఆ పిల్ల ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది. ఇంకాసేపు చూస్తే అర్థమైపోతుంది. తెలేసియాకు భయం వేసింది అందుకే. ఆ పిల్లకు అర్థమయ్యే లోపల ఏదో ఒకటి చెయ్యాలి.

అపియా ఆవిడ ఒక్కత్తే నవ్వడం లేదు. ఎలీసా వైపు వంగి అడిగింది. “ఎవరిదా గొంతు?”

“అదా? వంటింట్లో మనిషిది” అంది ఎలీసా.

తెలేసియా చేతులు నడుముకున్న గుడ్డకు తుడుచుకుంది. వానలోకి నడిచి, అరుగెక్కి, హాల్లో అడుగుపెట్టింది. స్తంభం స్తంభానికీ ఒక పెద్ద. అందరి ముందు నుంచీ వెళ్ళాలి. నడుం దానంతటదే వంగబోయింది, మెడ వాలబోయింది. ఆమె ఒక్క క్షణం ఆగి, ఆ నడుమును అలాగే నిలబెట్టుకుంది. తడికాళ్ళతో, నిటారుగా, నోరు తెరవకుండా, నడిమధ్య నుంచి నడిచింది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇలా నడిచినందుకు ఇంటి మీద తప్పు వేసి జరిమానాగా పందిని కట్టించుకునే ఊరది. ఆమెకు తెలుసు. తెలిసే నడిచింది.

మూలకు వెళ్ళి, చాప మీద కూర్చున్న ముసలి పెద్ద కళ్ళలోకి చూసి, “ఒక్కసారి లేవండి తాతా, పిల్లల దారి దీని కింద ఉంది” అంది. ఆయన తెల్లబోయాడు. తర్వాత ఏమనుకున్నాడో, కర్ర ఆనించుకుని లేచాడు. ఆయన లేస్తే పక్కవాళ్ళూ లేవక తప్పలేదు. తెలేసియా చాప అంచు పట్టుకుని చుట్టడం మొదలుపెట్టింది. ఒకటి, దాని పక్కది, ఆ పక్కది. పిల్లలు వచ్చి చెయ్యేశారు. కింద నుంచి సిమెంటు నేలా, దాని మీద వాళ్ళు గీసిన నల్లటి దారీ బయటపడ్డాయి. గిన్నెలో తగ్గిన నీళ్ళు పోసి, బండిని ఎత్తి ఆ గీత మీద పెట్టింది లాంగీ.

తెలేసియా అపియా ఆవిడ వైపు తిరిగింది. “ఆ గొంతు నాది. ఈ పిల్లలకు నేర్పింది నేను. మీరు చూడాలనుకున్న మనిషిని నేనే.” తన గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. “వంట కూడా నేనే చేశాను.”

ఆవిడ ఎలీసా వైపు ఒకసారి చూసి, చేతిలో కాయితాలు పక్కన పెట్టి, తెలేసియాకు కాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.

సెఫో లేచాడు. అతని మొహంలో రంగు లేదు. “తులో అను తెలేసియా” అన్నాడు పళ్ళ మధ్య నుంచి. “ఒక్క మాట. అనేసి వెళ్ళిపో. మిగతాది నేను చూసుకుంటా.”

“అనవే!” అంది మతలేనా. విసనకర్ర ఆగిపోయింది. “అందరి ముందు నుంచీ కొయ్యలా నడిచొచ్చి... అను!”

బండి కదిలింది. గీత పట్టుకుని స్తంభాల వెంట మెల్లగా తిరుగుతోంది. ప్రతి పెద్ద ముందూ ఆగి, గిన్నె వంచి, ఎంతో వినయంగా తులో, తులో అంటూ పోతోంది. మళ్ళీ కూర్చున్న ముసలాయన వేళ్ళు ముంచి కడుక్కున్నాడు.

తెలేసియా పిల్లల వరసలో, కూతురి పక్కన కాళ్ళు మడుచుకుని కూర్చుంది. లాంగీ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“అంటోంది కదా సెఫో,” అంది, “విను.”